సంస్థాగత దాతృత్వం, కార్పొరేట్ విరాళాలు: లోపాలు, విమర్శలు

చేతి నుంచి చేతికి ఇచ్చే దానధర్మాలకు భిన్నంగా ట్రస్టులు, ఫౌండేషన్లు, కంపెనీలు జీతాల సిబ్బందితో, రాసుకున్న నియమాలతో, భారీ మొత్తాల్లో చేసే దానాన్ని సంస్థాగత దాతృత్వం అంటారు. అందులో కంపెనీ లాభాల నుంచి వచ్చేది కార్పొరేట్ దాతృత్వం. భారతదేశంలో ఈ రెండో రకంలో చాలా భాగం 2014 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) పేరుతో చట్టం పరిధిలోకి వచ్చింది. 2014-15లో దేశంలోని కంపెనీలు ఈ పద్దు కింద దాదాపు రూ.10 వేల కోట్లు ఖర్చు చేశాయి. 2022-23 నాటికి అది దాదాపు రూ.30 వేల కోట్లకు చేరింది.

ఈ డబ్బుతో ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు వెలిశాయి. టీకాలు ఊరూరా చేరాయి. అయినా నూట ముప్ఫై ఏళ్లుగా దీన్ని విమర్శించేవారు ఉన్నారు. వారిలో కార్మిక సంఘాలు, ఆర్థికవేత్తలు, ప్రభుత్వ ఆడిటర్లతో పాటు దానం అందుకున్న సమూహాలు కూడా ఉన్నాయి. విమర్శలు పలు రకాలైనా, చాలావాటికి మూలం జవాబుదారీతనమే. ప్రభుత్వాన్ని ఓటరు దించగలడు, వ్యాపారి దగ్గర కొనడం కొనుగోలుదారు మానగలడు. దాతను నిలదీసే ఏర్పాటు మాత్రం దానం అందుకున్నవారికి సాధారణంగా ఉండదు.

చరిత్ర

ఇంగ్లండు, అమెరికా

ఆధునిక ధర్మాదాయ చట్టాలకు మూలంగా 1601 నాటి ఇంగ్లండు శాసనాన్ని చెబుతారు. ధర్మకార్యాలకు కేటాయించిన ఆస్తులు పక్కదారి పడుతున్నాయన్న ఫిర్యాదులతోనే ఆ శాసనం వచ్చింది. 1869లో లండన్‌లో ఏర్పడిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ పేదలను సాయానికి అర్హులు, అనర్హులు అని విడదీసింది. ఇళ్లకు వెళ్లి విచారించి, నడవడిక చూసి సాయం చేసే పద్ధతిని స్థిరపరచింది. నేటి లబ్ధిదారుల సర్వేలకు ఇది పూర్వరూపం.

పారిశ్రామిక సంపదతో పెద్ద ఎత్తున దానం చేసే పద్ధతికి సిద్ధాంతం సమకూర్చింది అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ. ధనికుడు తన సంపదను బతికుండగానే, సొంత విచక్షణతో, సమాజ హితానికి పంచాలని ఆయన 1889లో రాసిన వ్యాసంలో వాదించారు. మూడేళ్లకు, 1892 జులైలో, పెన్సిల్వేనియాలోని ఆయన హోమ్‌స్టెడ్ కర్మాగారంలో జీతాల కోతను ఎదిరించిన కార్మికుల మీదికి యాజమాన్యం పింకర్టన్ ప్రైవేటు బలగాన్ని దించింది. కాల్పుల్లో ఇరువైపులా ప్రాణాలు పోయాయి, యూనియన్ దెబ్బతింది. 1898లో అదే పట్టణానికి కార్నెగీ గ్రంథాలయం వచ్చింది. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాడు ఏ వేళ చదువుకోవాలన్నది అప్పట్లో కార్మికులు అడిగిన ప్రశ్న. కార్నెగీ సొమ్ముతో ప్రపంచవ్యాప్తంగా వెలిసిన గ్రంథాలయాలు 2,509. స్థలం ఇచ్చి, ఏటా విరాళంలో పదో వంతు నిర్వహణకు వెచ్చిస్తామని ఒప్పుకున్న ఊళ్లకే ఆయన డబ్బు ఇచ్చేవారు. ఈ షరతు తర్వాతి దాతలు చాలామందికి లేని ముందుచూపు.

రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు ఫెడరల్ చార్టర్ కావాలని 1910లో అమెరికా కాంగ్రెస్‌ను కోరినప్పుడు తీవ్ర వ్యతిరేకత వచ్చింది. చివరికి 1913లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి చార్టర్ తీసుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లోలో, రాక్‌ఫెల్లర్ల ఆధీనంలోని బొగ్గు కంపెనీలో సమ్మె చేస్తున్న కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. గుడారం కింద గోతిలో తలదాచుకున్న ఇద్దరు మహిళలు, 11 మంది పిల్లలు చనిపోయారు. సమ్మె నేపథ్యంలో ఫౌండేషన్ కార్మిక సంబంధాల మీద అధ్యయనం చేపట్టి, దాన్ని మెకంజీ కింగ్‌కు అప్పగించింది (ఆయన తర్వాత కెనడా ప్రధాని అయ్యారు). కంపెనీ ప్రయోజనానికీ ధర్మనిధికీ మధ్య గోడ లేదనడానికి ఇదే రుజువని ఫ్రాంక్ వాల్ష్ అధ్యక్షతన ఏర్పడిన పారిశ్రామిక సంబంధాల కమిషన్ ముందు వాదనలు నడిచాయి. ప్రైవేటు ఫౌండేషన్ల మీద గట్టి నియంత్రణలు 1969 నాటి పన్ను సంస్కరణ చట్టంతో గాని రాలేదు. ఏటా కొంత సొమ్ము తప్పనిసరిగా పంచాలన్న నియమం అప్పుడే మొదలైంది. అది తర్వాత ఆస్తుల విలువలో 5 శాతంగా స్థిరపడింది.

భారతదేశం

తెలుగు నేలపై సంస్థాగత దానానికి పాత రూపాలు ఆలయాలు, మఠాలు, సత్రాలు, వాటి ఇనాం భూములు. వీటి మీద ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ధర్మకర్తల దుర్వినియోగం. 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వాధినేత పానగల్లు రాజా మద్రాసు రాష్ట్రంలో దేవాదాయ చట్టాన్ని తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత 1966, 1987 చట్టాలు వచ్చాయి (చూడండి: దేవాదాయ, ధర్మాదాయ చట్టాలు). పారిశ్రామిక దాతృత్వంలో 1892లో జంషెడ్‌జీ టాటా నెలకొల్పిన విద్యానిధి తొలి మైలురాళ్లలో ఒకటి. నేటికీ టాటా సన్స్ వాటాల్లో దాదాపు మూడింట రెండు వంతులు టాటా ట్రస్టుల చేతిలో ఉన్నాయి. సంపన్నుడు తన ఆస్తికి ధర్మకర్త మాత్రమేనన్న గాంధీజీ భావన భారతీయ పారిశ్రామికవేత్తల దాతృత్వానికి నైతిక ఆధారమైంది.

హరిజన సేవక సంఘం వివాదం

సంస్థాగత దాతృత్వం మీద భారతదేశంలో జరిగిన అతి ముఖ్యమైన చర్చల్లో ఒకటి హరిజన సేవక సంఘం చుట్టూ నడిచింది. పూనా ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే, 1932 సెప్టెంబరు 30న, బొంబాయిలో అస్పృశ్యతా నివారణ సంఘం ఏర్పడింది. తర్వాత అది హరిజన సేవక సంఘంగా పేరు మార్చుకుంది. పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ బాపా కార్యదర్శి. ఆ నవంబరులో డాక్టర్ అంబేడ్కర్ ఠక్కర్‌కు సుదీర్ఘమైన లేఖ రాశారు. బావులు, బడులు, గ్రామ వీధుల్లో పౌరహక్కుల కోసం పోరాడాలని, ఉద్యోగాల్లో సమాన అవకాశాలు సాధించాలని, కార్యకర్తలను అణగారిన వర్గాల నుంచే తీసుకోవాలని అందులో సూచించారు. సంఘం ప్రధానంగా పాఠశాలలు, వసతిగృహాలు, ఉపకార వేతనాల వంటి సంక్షేమం వైపు సాగింది. అంబేడ్కర్ సంఘం నుంచి బయటికి వచ్చేశారు.

గాంధీజీ సమాధానం స్పష్టంగా ఉంది. అస్పృశ్యత సవర్ణులు చేసిన పాపం, సంఘం వారి ప్రాయశ్చిత్తం. బాకీపడినవారే బాకీ తీర్చాలి గనుక పాలక మండలి వారి చేతుల్లో ఉండటం సబబని ఆయన అభిప్రాయం. కాంగ్రెస్, గాంధీ అస్పృశ్యులకు చేసిందేమిటో చర్చిస్తూ 1945లో ప్రచురించిన పుస్తకంలో అంబేడ్కర్ దీనికి ఎదురు వాదన వినిపించారు. ఎవరి కోసం సంఘం పెట్టారో వారికి పాలనలో చోటు లేకపోతే ఆ సేవ వారిలో పరాధీనతను పెంచుతుందని, రాజకీయంగా ఎదురు నిలిచే శక్తిని హరిస్తుందని రాశారు. పారిశ్రామికవేత్త అధ్యక్షత, సంక్షేమ కార్యక్రమాలు, లబ్ధిదారులు లేని బోర్డు: తర్వాతి కాలంలో కార్పొరేట్ ఫౌండేషన్ల మీద వచ్చిన పలు విమర్శలు ఈ వాదనలో ఇమిడి ఉన్నాయి.

రూపాలు

ప్రధానంగా నాలుగు రూపాలు కనిపిస్తాయి. కుటుంబ సంపదతో నడిచే ప్రైవేటు ఫౌండేషన్లు, కంపెనీలే పెట్టుకునే ఫౌండేషన్లు, ప్రజల నుంచి చందాలు సేకరించే పెద్ద స్వచ్ఛంద సంస్థలు, మత సంస్థల ధర్మనిధులు. అమెరికాలో దాత సలహా నిధులు అనే మరో రూపం వేగంగా పెరిగింది. సొమ్ము జమ చేసిన రోజే దాతకు పన్ను మినహాయింపు దక్కుతుంది, ఆ సొమ్మును ఎప్పటిలోగా పంచాలన్న గడువు మాత్రం లేదు.

విరాళానికి ప్రత్యేక సదుపాయాన్ని ముడిపెట్టడం మత, లౌకిక సంస్థలు రెండింటిలోనూ ఉంది. విశ్వవిద్యాలయ భవనానికి దాత పేరు పెడతారు. తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకు రూ.10 వేలు ఇచ్చిన భక్తుడికి బ్రేక్ దర్శనం టికెట్టు ఇస్తారు.

భారత సీఎస్ఆర్ చట్టం

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు, లేదా టర్నోవరు రూ.1,000 కోట్లు, లేదా నికర లాభం రూ.5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. ఏ రంగాలకు ఇవ్వవచ్చో ఏడో షెడ్యూలు చెబుతుంది. సొంత ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చే కార్యక్రమాలు, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళాలు లెక్కలోకి రావు.

మొదటి ఏడేళ్లు ఇది ‘ఖర్చు చెయ్యి, లేదా ఎందుకు చేయలేదో చెప్పు’ అన్న తరహాలో నడిచింది. 2021 జనవరి 22 నుంచి కట్టుదిట్టమైంది. కొనసాగే ప్రాజెక్టులకు మిగిలిన సొమ్మును ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయాలి. మిగతా సొమ్మును ఆరు నెలల్లో షెడ్యూలులోని నిధులకు జమ చేయాలి. తప్పితే బదిలీ చేయాల్సిన సొమ్ముకు రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అంత జరిమానా. పాలనా ఖర్చులు 5 శాతం దాటకూడదు. సొమ్ము అందుకునే స్వచ్ఛంద సంస్థలు కంపెనీల వ్యవహారాల శాఖ వద్ద నమోదు కావాలి. చెక్కు ఇచ్చి నగదు వెనక్కి తీసుకునే బోగస్ లావాదేవీలపై ఫిర్యాదులకు ఈ నమోదు కొంత విరుగుడు.

ప్రధాన విమర్శలు

నిర్ణయం ఎవరిది

ఏ జబ్బుకు, ఏ ఊరికి, ఏ పద్ధతికి డబ్బు వెళ్లాలో దాత బోర్డు తేలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు నిధులిచ్చేవారిలో గేట్స్ ఫౌండేషన్ అగ్రశ్రేణిలో ఉంది. ఇలాంటి స్వచ్ఛంద నిధుల్లో అధిక భాగం ముందే నిర్దేశించిన పనులకే, ఉదాహరణకు పోలియోకు, ఖర్చు కావాలి. సభ్యదేశాల తప్పనిసరి చందాల వాటా బడ్జెట్‌లో ఐదో వంతు కంటే తక్కువకు పడిపోయింది. అందుకే దాన్ని క్రమంగా మూల బడ్జెట్‌లో సగానికి పెంచాలని 2022లో సభ్యదేశాలు తీర్మానించాయి.

తెలుగు ప్రాంతంలో ఈ ప్రశ్న అతి పదునుగా ఎదురైంది ఖమ్మం జిల్లాలో. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2009 జులైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు హెచ్‌పీవీ టీకా ప్రదర్శనా ప్రాజెక్టు ప్రారంభించింది. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే కార్యక్రమం జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని ప్రభుత్వ విచారణలో తేలలేదు. తేలింది వేరే సంగతి. ఖమ్మంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది, వాణిజ్య ప్రయోజనాల పాత్రనూ ప్రస్తావించింది. హెచ్‌పీవీ టీకా ఉపయోగం మీద వైద్యశాస్త్రంలో నేడు పెద్దగా సందేహం లేదు. మంచి టీకా అయినా తండాలోని తల్లికి చెప్పకుండా వేయవచ్చా అన్నదే ఇక్కడి సమస్య. ఆ తల్లి ఫిర్యాదు చేసుకోవడానికి వార్డెను తప్ప మరో చిరునామా లేదు.

దాత విశ్వాసాలు కార్యక్రమ స్వరూపాన్ని నిర్ణయించడమూ ఇదే కోవలోకి వస్తుంది. మధ్యాహ్న భోజనం అందించే అక్షయపాత్ర ఫౌండేషన్ తన సాత్విక ఆహార నియమం ప్రకారం గుడ్లు వడ్డించదు. ఉల్లి, వెల్లుల్లి వేయకపోవడంపై 2018-19లో కర్ణాటకలో ఆహార హక్కు కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. పోషక ప్రమాణాలు పాటిస్తున్నామని సంస్థ సమాధానమిచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా దాన్ని సమర్థించింది. పిల్లలు ఇంట్లో తినే తిండిని బట్టి బడి భోజనం ఉండాలా, వండేవారి నియమాన్ని బట్టి ఉండాలా అన్న వాదం అలాగే ఉంది.

ప్రజాధనంలో వాటా

విరాళమంతా దాత జేబులోంచే వెళ్లదు. పన్ను మినహాయింపు రూపంలో ఖజానా కోల్పోయేదీ అందులో కలిసి ఉంటుంది. ప్రజలు పరోక్షంగా కొంత భరించే ఖర్చు మీద ధనికుడికి పూర్తి పెత్తనం ఇవ్వడం ప్రజాస్వామ్యంలో ఎలా సమర్థనీయమని రాజనీతి శాస్త్రవేత్త రాబ్ రైష్ తన 2018 నాటి పుస్తకంలో ప్రశ్నించారు. భారతదేశంలో సీఎస్ఆర్ ఖర్చును వ్యాపార వ్యయంగా చూపే వీలును 2014లో తొలగించారు. అయితే దాతలకు పన్ను మినహాయింపు దక్కే 80జీ గుర్తింపు ఉన్న సంస్థలకు ఇచ్చిన సీఎస్ఆర్ సొమ్ముకు మినహాయింపు చెల్లుతుందని పన్ను ట్రిబ్యునళ్లు పలు కేసుల్లో తీర్పులిచ్చాయి.

ప్రభుత్వ నిధుల వైపు మళ్లింపు మరో కోణం. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధికి ఇచ్చేది సీఎస్ఆర్‌గా చెల్లుతుందని కంపెనీల వ్యవహారాల శాఖ ప్రకటించింది. ముఖ్యమంత్రుల సహాయ నిధులకు ఇచ్చేది చెల్లదని ఏప్రిల్‌లో వివరించింది. పీఎం కేర్స్ సమాచార హక్కు చట్టం పరిధిలోకి రాదన్నది ప్రభుత్వ వైఖరి. అంతకుముందు, గుజరాత్‌లోని ఐక్యతా విగ్రహానికి ఐదు చమురు ప్రభుత్వ రంగ సంస్థలు రూ.146.83 కోట్లు సీఎస్ఆర్ కింద ఇవ్వడాన్ని ప్రభుత్వ ఆడిట్ సంస్థ కాగ్ 2018 నివేదిక తప్పుపట్టింది. విగ్రహాన్ని వారసత్వ సంపదగా పరిగణించి ఏడో షెడ్యూలులో చేర్చడం కుదరదన్నది ఆడిట్ అభిప్రాయం.

ప్రాంతీయ అసమానత

కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షనే చెబుతోంది. కర్మాగారం పొగ పీల్చే ఊరికి ముందు మేలు జరగాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, తమిళనాడు వంటి పారిశ్రామిక రాష్ట్రాలకు సొమ్ము అధికంగా చేరుతోంది. 2018లో వెనుకబడినవిగా గుర్తించిన ఆకాంక్షిత జిల్లాలకు దక్కేది స్వల్పం. రిఫైనరీ, పోర్టు ఉన్న విశాఖకు, ఐటీ కంపెనీలున్న హైదరాబాద్‌కు దాతలు దొరికినట్టు కుమురం భీం ఆసిఫాబాద్‌కు దొరకరు. పన్ను అయితే పేద జిల్లాకు మళ్లించవచ్చు, విరాళాన్ని అలా మళ్లించే అధికారం ఎవరికీ లేదు.

కట్టడం, నిర్వహణ

ప్రారంభోత్సవం చేయదగిన వాటికే డబ్బు త్వరగా వస్తుంది. 2014 సెప్టెంబరులో మొదలైన స్వచ్ఛ విద్యాలయ అభియాన్ కింద కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ప్రభుత్వ బడుల్లో 1.4 లక్షల మరుగుదొడ్లు కట్టామని చెప్పాయి. 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లను కాగ్ బృందాలు స్వయంగా వెళ్లి చూశాయి. నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చింది. కొన్ని అసలు కట్టనే లేదు, కొన్ని సగంలో ఆగాయి. కట్టినవాటిలో 72 శాతానికి లోపల నీటి వసతి లేదు, 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు. మూడు నుంచి ఐదేళ్లు నిర్వహణ కూడా కంపెనీయే చూడాలని మార్గదర్శకాల్లో ఉంది. అయినా కుళాయి లేని మరుగుదొడ్డి లెక్కల్లో పూర్తయిన పనిగానే నమోదైంది. దాన్ని వాడాల్సిన బాలికను ఎవరూ అడగలేదు, ఆడిటరు వెళ్లేదాకా.

ఫ్లోరైడ్ ప్రాంతాల్లో దాతలు పెట్టించే నీటిశుద్ధి ప్లాంట్లదీ ఇదే కథ. యంత్రం ఒకరు ఇస్తారు. మెంబ్రేన్ మార్చే ఖర్చు, కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం పంచాయతీ నెత్తిన పడతాయి.

అంతర్జాతీయంగా ప్రసిద్ధమైన ఉదాహరణ దక్షిణ ఆఫ్రికాలో పుట్టిన ప్లేపంప్. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్లు పైకి వచ్చే పరికరం ఇది. 2006లో అమెరికా ప్రభుత్వం, దాతలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2010కి 4,000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం. పిల్లలు ఆడని వేళల్లో ఆడవాళ్లు చేత్తో రాట్నం తిప్పాల్సి వచ్చింది, పాడైతే బాగుచేసేవారు దొరకలేదు. కొన్నేళ్లకే విస్తరణ ఆగిపోయింది.

దాత పడిపోతే

దాతే కుప్పకూలితే సేవ ఏమవుతుందన్న ప్రశ్నకు సత్యం కంప్యూటర్స్ ఉదంతం తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణ. సత్యం అధినేత బి. రామలింగరాజు చొరవతో 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ 108 అత్యవసర సేవలు మొదలయ్యాయి. కొద్దికాలంలోనే ఇతర రాష్ట్రాలకూ విస్తరించాయి. ఆ కుటుంబమే నడిపిన బైర్రాజు ఫౌండేషన్ 2001 నుంచి కోస్తా జిల్లాల గ్రామాల్లో తాగునీరు, ఆరోగ్యం, విద్యా కార్యక్రమాలు చేపట్టింది. 2009 జనవరి 7న ఖాతాల్లో మోసం ఒప్పుకుంటూ రాజు లేఖ రాయగానే రెండింటి భవిష్యత్తూ సందిగ్ధంలో పడింది. 108ను అదే ఏడాది జీవీకే సంస్థ చేపట్టింది. అప్పటికే అంబులెన్సుల నిర్వహణ వ్యయంలో అధిక భాగం ప్రభుత్వానిది కావడం వల్ల సేవ ఆగలేదు. అలాంటి ప్రజానిధుల ఆసరా లేని గ్రామ కార్యక్రమాలు కుంచించుకుపోయాయి. ప్రజాసేవను నిలబెట్టేది దాత ఔదార్యమా, బడ్జెట్ పద్దా అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు దొరకడం కష్టం.

కీర్తి, అనుమతి

దానం దాత కీర్తికి మెరుగులు దిద్దే సాధనమవుతుందన్నది ఒక ఆరోపణ. నొప్పి మాత్ర ఆక్సికాంటిన్ వ్యాపారంతో సంపన్నులైన సాక్లర్ కుటుంబం పేరు దశాబ్దాల పాటు ప్రపంచంలోని గొప్ప మ్యూజియాల గోడల మీద ఉంది. వారి కంపెనీ పర్డ్యూ ఫార్మా ఆ మాత్రల మార్కెటింగ్‌కు సంబంధించిన కేసుల్లో 2007లో, మళ్లీ 2020లో నేరం ఒప్పుకుంది. ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ నాయకత్వంలో నిరసనలు జరిగాక 2019లో లూవ్ర్, 2021లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ పేరు తీసేశాయి.

గనులు, భారీ పరిశ్రమల చుట్టూ జరిగే దానం స్థానికుల సమ్మతిని కొనే సాధనమవుతుందన్నది మరో ఆరోపణ. ఒడిశాలోని నియమగిరి కొండల దిగువన, లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ తన శుద్ధి కర్మాగారం పరిసరాల్లో ఆరోగ్య, విద్యా కార్యక్రమాలు నడిపింది. బాక్సైట్ తవ్వకంపై గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పింది. ఆ ఏడాది అడిగిన 12 గ్రామసభలూ ఒప్పుకోలేదు.

విపత్తుల వేళ

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత విరాళాలు ఎంతగా వెల్లువెత్తాయంటే, వారం తిరిగేసరికి వైద్య సేవా సంస్థ ఎంఎస్ఎఫ్ తనకు ఇక ఆ పద్దు కింద డబ్బు పంపవద్దని దాతలను కోరింది. అలా చెప్పిన సంస్థలు అరుదు. తమిళనాడు తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి. పడవలు అవసరానికి మించి పంచారు. 2010 హైతీ భూకంపం తర్వాత అమెరికన్ రెడ్ క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు సేకరించింది. అక్కడ ఆ సంస్థ కట్టిన శాశ్వత గృహాలు ఆరేనని 2015లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ పాత్రికేయులు వెల్లడించారు. భూమి హక్కుల చిక్కుల వల్ల సొమ్మును తాత్కాలిక ఆశ్రయాలకు, మరమ్మతులకు, ఇతర సంస్థలకు వెచ్చించామని రెడ్ క్రాస్ వివరణ ఇచ్చింది.

స్వచ్ఛంద సంస్థల మీద ప్రభావం

ఏడాది ప్రాజెక్టులు, త్రైమాసిక నివేదికలు, ఫొటోలు, లబ్ధిదారుల సంఖ్య: నిధులిచ్చేవారు అడిగేవి ఇవి. కొలవడానికి లొంగని పనులు, ఉదాహరణకు కౌలు రైతులను సంఘటితం చేయడం, వెట్టి చాకిరీ కేసులు నడపడం, కంపెనీ బోర్డుల ముందు నిలవవు. పాలనా ఖర్చుల మీద పరిమితి సిబ్బంది జీతాలను నొక్కేస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది, ఒక సంస్థ మరో సంస్థకు విదేశీ నిధులు పంచడాన్ని నిషేధించింది. దాంతో పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకునే చిన్న గ్రామీణ సంస్థలు దెబ్బతిన్నాయి.

సేవ వ్యాపారంగా మారడం ఇంకో పరిణామం. తెలంగాణలో స్వయం కృషి సంఘం పేరుతో పేద మహిళలకు చిన్న రుణాలిచ్చే స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్‌కేఎస్, లాభాపేక్ష గల కంపెనీగా మారి 2010లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చింది (చూడండి: సూక్ష్మరుణ సంక్షోభం, 2010).

సమర్థకుల వాదనలు

ప్రభుత్వం చేయలేని సాహసాలను దాతలు చేయగలరన్నది ప్రధాన సమర్థన. పచ్చజ్వరం టీకా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రయోగశాలలో తయారైంది. దాన్ని రూపొందించిన మాక్స్ థైలర్‌కు 1951లో నోబెల్ బహుమతి లభించింది. 2014 మార్చిలో భారతదేశం పోలియో రహితంగా గుర్తింపు పొందడంలో రోటరీ వంటి సంస్థల పాత్ర ఉంది. టాటా ట్రస్టు 1941లో బొంబాయిలో నెలకొల్పిన క్యాన్సర్ ఆసుపత్రి 1957లో కేంద్రానికి బదిలీ అయింది. దాత ప్రారంభించి, ప్రజావ్యవస్థకు అప్పగించి తప్పుకోవడానికి అది మంచి నమూనా. నిర్మాత ఎల్.వి. ప్రసాద్ విరాళంతో 1987లో హైదరాబాద్‌లో వచ్చిన కంటి ఆసుపత్రిలో వైద్య నిర్ణయాలు వైద్యులవే. డబ్బు చెల్లించగల రోగుల నుంచి వచ్చే ఆదాయంతో పేదలకు ఉచిత చికిత్స అందిస్తారు.

సీఎస్ఆర్‌ను తప్పనిసరి చేయడం వల్ల లెక్కలు బహిరంగమయ్యాయన్నదీ నిజమే. 

సంస్కరణలు, ప్రత్యామ్నాయాలు

షరతులు లేని విరాళం ఒక మార్గం. అమెరికన్ దాత మెకంజీ స్కాట్ 2020 నుంచి వందలాది సంస్థలకు, ఎలా వాడాలన్న నిర్ణయం వారికే వదిలి, వందల కోట్ల డాలర్లు ఇచ్చారు. ఫౌండేషన్‌కు కాలపరిమితి పెట్టుకోవడం మరొకటి. 2045లో తమ ఫౌండేషన్‌ను మూసేస్తామని బిల్ గేట్స్ 2025 మేలో ప్రకటించారు. నేరుగా పేదల ఖాతాల్లో నగదు వేసే సంస్థలు కెన్యా వంటి దేశాల్లో పనిచేస్తున్నాయి. గనుల ప్రాంతాల్లో 2015 నుంచి ఉన్న జిల్లా ఖనిజ ఫౌండేషన్లకు కంపెనీలు చెల్లించేది చట్టం నిర్ణయించిన వాటా, అందులో ఔదార్యం ప్రసక్తి లేదు. వాటి ఖర్చు తీరుపై వేరే విమర్శలున్నాయి (చూడండి: జిల్లా ఖనిజ ఫౌండేషన్).

భారత చట్టంలో ప్రభావ మదింపు నిబంధన ఉంది. మూడేళ్ల సగటు సీఎస్ఆర్ బాధ్యత రూ.10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు, ఆపైన వ్యయమైన ప్రాజెక్టులను స్వతంత్ర సంస్థతో మదింపు చేయించాలి. ఆ సంస్థను ఎంచుకునేది, దానికి ఫీజు చెల్లించేది కంపెనీయే. నివేదికను కంపెనీ బోర్డు ముందు పెట్టి, వార్షిక సీఎస్ఆర్ నివేదికకు జత చేస్తారు.

పోలికకు తెలుగు రాష్ట్రాల్లోనే మరో పద్ధతి ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులపై సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి మస్టరు రోల్స్ (కూలీల హాజరు పట్టికలు) ఊళ్లోనే చదివి వినిపించి, మండల ప్రజావేదికలో కూలీల ఎదుటే అధికారులను ప్రశ్నించే ఏర్పాటు నడిచింది. కూలీ తన పేరు మీద ఎవరు ఎంత డ్రా చేశారో అక్కడ అడగగలిగాడు. కంపెనీల చట్టం 135వ సెక్షన్‌లో గాని, దాని కింద వచ్చిన నిబంధనల్లో గాని గ్రామసభ ప్రస్తావన లేదు.